కర్నెలు మారిన మర్నాడు

లినక్సు వాడే మిత్రులందరికీ ఏదో ఒకనాడు ఎదురయ్యే అనుభవమే ఇది. రాత్రి నవీకరణ జరుగుతుంది. పొద్దున కంప్యూటరు తెరిస్తే తెర వెలుగుతుంది, ఫైళ్ళు ఉంటాయి, అన్నీ ఉన్నట్టే ఉంటాయి. ఒక్క అవయవానికి మాత్రం స్పృహ ఉండదు. ఒకరికి శబ్దం పోతుంది. ఒకరికి లాప్‌టాపు మూత మూసి తెరిస్తే తెర రాదు. ఇంకొకరికి వైఫై అనేది ఉండేదన్న జాడే మిగలదు. ఆపైన మనం చేసే పని కూడా దాదాపు ఒక్కటే. గ్రబ్ మెనూలో పాత కర్నెలును ఎంచుకొని, హమ్మయ్య అనుకొని, పనిలో పడిపోతాం. ఎవరికీ చెప్పం. చెప్పవలసినవారు ఎక్కడో దేశాంతరాల్లో ఉన్నారనీ, మన మాట వినే తీరిక వారికి ఉండదనీ ఒక నమ్మకం. ఆ నమ్మకంలో నిజమెంతో ఆళ్లగడ్డలో కొంత తేలింది. అదే ఈ టపా.

మా పిన్ని కొడుకుకు ఆళ్లగడ్డలో చిన్న దుకాణం ఉంది. జిరాక్సు, డీటీపీ, పెళ్ళిపత్రికలు, పరీక్షల దరఖాస్తులు, హాల్‌టికెట్లు, అడంగల్ నకళ్ళు. ఉద్యోగ ప్రకటన ఏదైనా పడిందంటే ఆ వారమంతా కుర్రాళ్ళు మెట్లమీద కూర్చొని ఉంటారు. అంత పనికీ ఆధారం ఒకే ఒక్క పాత లాప్‌టాపు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 ఉండాలంటుంది, ప్రాసెసరు ఫలానా తరానికి ఇవతలిదై ఉండాలంటుంది. మా తమ్ముడి యంత్రం గట్టిదే కానీ ఆ నిబంధనలకు తూగేది కాదు. కొత్తది కొనే స్తోమత ఇప్పట్లో లేదు. అందుచేత నేను నంద్యాల నుండి ఒక ఆదివారం వెళ్ళి లినక్సు స్థాపించి వచ్చాను. నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఆళ్లగడ్డకు రైలు లేదు కనుక బస్సే గతి.

నెలలు గడిచాయి. ఫిర్యాదు లేదు. ఒకనాటి ఉదయం ఫోను.

"అన్నా, రాత్రి అప్‌డేట్ చేయమంటే చేసినా. పొద్దున్నుంచి వైఫై కనపడల్యా. ఈడ రిపేరాయన కార్డు పోయిందంటాన్నాడు. తొమ్మిది నూర్లయితాదంట. మార్చిపిద్దునా?"

"మార్పించొద్దురా. కంప్యూటరు ఆపి మళ్ళీ వెయ్యి. మొదట వచ్చే మెనూలో అడ్వాన్స్‌డ్ అని ఉంటుంది. అందులో రెండో కర్నెలు ఎంచుకో."

రెండు నిమిషాల తర్వాత అవతలినుంచి చిన్న నవ్వు వినిపించింది. వైఫై వచ్చింది. చచ్చిపోయిందన్న కార్డు పాత కర్నెలు కింద నిక్షేపంగా పనిచేస్తున్నది. తొమ్మిది వందలు మిగిలాయి.

ఇక్కడ మన పాత రోజులు గుర్తుకొస్తున్నాయి. పోస్టులో ఉబుంటు సీడీలు ఉచితంగా తెప్పించుకొన్న తరం మనది. 2005లో మొదలైన ఆ ఏర్పాటు 2011లో ఆగిపోయింది. ఆనాడు కంప్యూటరు లోపల బిగించి వచ్చే డయలప్ మోడెములు లినక్సుతో మాట్లాడేవి కావు. వాటి తెలివితేటలన్నీ విండోసు డ్రైవరులోనే ఉండేవి. వైఫై కావాలంటే విండోసు డ్రైవరునే ఎన్‌డీఐఎస్‌రాపర్ అనే తొడుగులో చుట్టి వాడుకొనేవాళ్ళం. ఒత్తులూ గుణింతాలూ చెల్లాచెదరు కాకుండా తెలుగు కనిపించడమే ఒక పండుగ. ఏదైనా పనిచేయకపోతే అప్పట్లో ఆశ్చర్యపోయేవాళ్ళం కాము. పనిచేస్తే టపా రాసేవాళ్ళం!

కానీ ఎన్నడూ పనిచేయనిది వేరు, నిన్నటిదాకా పనిచేసి ఇవాళ మానుకొన్నది వేరు. కర్నెలు నిర్మాతలు ఈ రెండింటినీ ఒకే గాటన కట్టరు. మొదటిది తీరని కోరిక. ఎవరైనా తీరిక చూసుకొని తీర్చవచ్చు, తీర్చకపోవచ్చు. రెండోదాన్ని తిరోగమనం అంటారు. లైనస్ టోర్వాల్డ్స్ ఏళ్ళ తరబడి పట్టుబట్టి నిలిపిన నియమం ఒకటి ఉంది. పాత కర్నెలుతో పనిచేసినది కొత్త కర్నెలుతో పనిచేయకపోతే తప్పు కొత్త కర్నెలుదే. వాడుకరి పాత యంత్రం వాడుతున్నాడన్నది సాకు కాదు. ఆ మార్పువల్ల మరో పదిమందికి మేలు జరిగిందన్నదీ సాకు కాదు. తిరోగమనాల జాబితా పెట్టుకొని, అవి మరుగున పడకుండా వెంటపడే పనిని థార్‌స్టెన్ లీమ్‌హుయిస్ అనే జర్మన్ పాత్రికేయుడు చాలాకాలంగా చేస్తున్నాడు. 2021 నుండి ఆయనకు సాయంగా రెగ్జ్‌బాట్ అనే ప్రోగ్రాము కూడా ఉంది. ఇంత ఏర్పాటు ఉన్నా దానికి మేత వేయవలసింది మనమే. పాత కర్నెలుకు మళ్ళి ఊరుకొన్నవాడి కష్టం ఏ జాబితాకూ ఎక్కదు.

పాత కర్నెలు శాశ్వతమైన ఆసరా కూడా కాదు. సాధారణంగా రెండు మూడు కర్నెళ్ళనే నిలవ ఉంచుతారు. కొత్తవి వస్తున్నకొద్దీ పాతవి జారిపోతాయి. పైగా భద్రతకు సంబంధించిన దిద్దుబాట్లన్నీ కొత్తవాటిలోనే వస్తాయి. రోజుకు ఇరవైమంది తమ ఆధార్ సంఖ్యలూ బ్యాంకు వివరాలూ టైపు చేయించుకొనే యంత్రాన్ని పాత కర్నెలు మీద గడ్డకట్టించి ఉంచడం నాకు మనస్కరించలేదు.

"అయితే వాళ్ళకు చెబుదామన్నా. వైఫై డ్రైవరు చెడిపోయిందని రాస్తే సరిపోదా?" అన్నాడు వాడు.

సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్పడానికి 2008 నాటి కథ ఒకటి చెప్పాను. మీలో కొందరికి గుర్తుండవచ్చు. ఆ సెప్టెంబరులో 2.6.27 కర్నెలు ఇంకా ప్రయోగదశలో ఉంది. దాన్ని పరీక్షిస్తున్నవారి యంత్రాల్లో ఇంటెల్ నెట్‌వర్కు కార్డులు ఒక్కొక్కటే మూగబోయాయి. ఈ1000ఈ అనే డ్రైవరుతో నడిచే కార్డులవి. పాత కర్నెలుకు మళ్ళినా లేచేవి కావు. ఎందుకంటే కార్డులోని శాశ్వతస్మృతిలో ఉండవలసిన రాతే చెరిగిపోయింది. అందరి వేలూ సహజంగానే ఈ1000ఈ డ్రైవరు వైపు చూపింది. తీరా చూస్తే అసలు దోషి ఎఫ్‌ట్రేస్ అనే, నెట్‌వర్కుతో ఏ సంబంధమూ లేని, కర్నెలు నడకను గమనించే సాధనం. కర్నెలు మేలుకొనే వేళ మాత్రమే వాడి, తర్వాత ఖాళీ చేసిన చోటుల చిరునామాలు దాని దగ్గర మిగిలిపోయాయి. ఆ చోటుల్లోకి తర్వాత కార్డు స్మృతి అద్దెకు దిగింది. ఎఫ్‌ట్రేస్ తన పాత చిరునామాలకు ఉత్తరాలు వేస్తూనే ఉంది. అవి పోయి కార్డులో పడ్డాయి. 2.6.27 విడుదలైన కొద్దిరోజులకే, అదే అక్టోబరులో వచ్చిన 2.6.27.1లో ఎఫ్‌ట్రేస్‌లోని ఆ భాగాన్ని ఆపివేశారు.

నాకు ఈ కథ ఎందుకిష్టమంటే, ఆనాడు "నా కార్డు ఫలానా కర్నెలు వేశాక పోయింది" అని మాత్రమే చెప్పినవారి మాట చివరిదాకా నిలిచింది. "డ్రైవరు చెడ్డది" అన్నవారి మాట నిలవలేదు. కోర్టులో సాక్షిని తీర్పు అడగరు. ఏం చూశావు, ఎప్పుడు చూశావు, ఎక్కడ నిలబడి చూశావు అని అడుగుతారు. ఆళ్లగడ్డ రిపేరు ఆయన "కార్డు పోయింది" అన్నదీ తీర్పే, మా తమ్ముడు "డ్రైవరు చెడింది" అన్నదీ తీర్పే. మనం ఇవ్వవలసింది వాంగ్మూలం.

(సాఫ్ట్‌వేరు హార్డ్‌వేరును చంపడమేమిటని మా తమ్ముడికి సందేహం వచ్చింది. 2022లో 5.19.12 కర్నెలు వేసినప్పుడు ఇంటెల్ గ్రాఫిక్సు ఉన్న కొన్ని లాప్‌టాపుల తెరలు తెల్లగా మినుకుమినుకుమన్నాయి. తెరకు విద్యుత్తు ఇచ్చే, ఆపే క్షణాల లెక్క తప్పింది. అలాగే వాడితే తెర పాడయ్యే ప్రమాదం ఉందని ఇంటెల్ ఇంజనీరే హెచ్చరించాడు. కొద్దిరోజుల్లోనే 5.19.13 విడుదల చేసి ఆ మార్పులను వెనక్కు తీసుకొన్నారు. అంత త్వరగా జరగడానికి కారణం తెర మినుకుతున్నదని వెంటనే నోరు విప్పిన వాడుకరులే.)

సరే, వాంగ్మూలంలో ఏముండాలి? పనిచేసిన కర్నెలు సంఖ్య, పనిచేయని కర్నెలు సంఖ్య. కార్డు తయారీ గుర్తింపు అంకెలు, ఎల్ఎస్‌పీసీఐ అన్న ఆదేశమిస్తే వస్తాయి. కర్నెలు మేలుకొంటున్నప్పుడు తనలో తాను చెప్పుకొనే మాటల చిట్టా, డిమెస్గ్ అన్నది చూపిస్తుంది. ఆ చిట్టా రెండు కర్నెళ్ళతోనూ తీయాలి. కొత్త కర్నెలు చిట్టాలో మా వైఫై కార్డు పేరు ఎదుట "ఎర్రర్ -110" అని ఉంది. 110 అంటే గడువు దాటిందని అర్థం. కర్నెలు పిలిచింది, కార్డు పలకలేదు, కొంతసేపు ఎదురుచూసి వదిలేసింది. పాత కర్నెలు చిట్టాలో ఆ వరుస లేదు.

మరో సంగతి. నిర్మాతల చేతిలో లేని మూసిన డ్రైవర్లు ఏవైనా కర్నెలులోకి ఎక్కించి ఉంటే, ఆ కర్నెలు మైలపడినట్టు లెక్క. నా అనువాదం కాదు సుమా, ఇంచుమించు ఆ అర్థమొచ్చే మాటే వాళ్ళూ వాడతారు. మైలపడిన కర్నెలు సాక్ష్యాన్ని అంత తేలికగా ఒప్పుకోరు. మా అదృష్టం, దుకాణం యంత్రంలో అలాంటివేమీ లేవు. అట్లాగే పంపిణీదారులు తమ సొంత అతుకులు వేసిన కర్నెలు కాక, మూలకర్నెలుతోనూ ఇదే జరుగుతున్నదని చూపాలి. ఆ పని నంద్యాలలో నా కంప్యూటరు మీద చేశాను. మూలకర్నెలును కూర్చి పంపితే, వాడు ఫోను తీగ తగిలించి దింపుకొని, వేసి చూశాడు. వైఫై రాలేదు. అంటే తప్పు ఎగువనే ఉంది.

ఎగువ అన్న మాట ఊరికే వాడలేదు. కర్నెలు లోకంలోనూ ఎగువ, దిగువ అనే అంటారు. మార్పు మొదట మూలకర్నెలులో చేరుతుంది, అక్కడినుండి స్థిరశాఖలకు, వాటినుండి పంపిణీదారులకు, చివరికి ఆళ్లగడ్డలోని జిరాక్సు దుకాణానికి. మా పిన్ని వాళ్ళకు కె.సి. కాలువ కింద రెండెకరాలుంది. సుంకేసుల దగ్గర తుంగభద్రలో బయలుదేరి కడప దాకా పోయే కాలువ అది. వాళ్ళ పొలం మాత్రం ఒక పిల్లకాలువకు చిట్టచివర. పై రైతులకు నీరందినన్నాళ్ళూ చివరి ఆయకట్టు ఎండుతున్న సంగతి తూము దగ్గరివాళ్ళకు తెలియనే తెలియదు. కర్నెలు నిర్మాతల బల్లల మీద ఇలాంటి ముసలి లాప్‌టాపులు ఎన్ని ఉంటాయి? మార్పు చేసినవాడు తన దగ్గరున్న యంత్రాల మీద పరీక్షించే చేస్తాడు. మనలాంటి వారి యంత్రాలు అతనికి మన మాటల్లోనే కనిపించాలి.

రెండు విడుదలల మధ్య చేరిన మార్పులు ఐదు వందలకు కాస్త తక్కువ. అందులో ఏది మా కార్డును మూగది చేసింది? దీనికి గిట్‌లో బైసెక్ట్ అనే ఉపాయం ఉంది. మధ్యలోని మార్పు దగ్గర ఆగి కర్నెలు కూర్చి చూడడం. వైఫై వస్తే తప్పు రెండో సగంలో, రాకపోతే మొదటి సగంలో. మళ్ళీ ఆ సగానికి మధ్య. ఇది చెబుతుంటే మా తమ్ముడు మధ్యలోనే అందుకున్నాడు.

"కాలువకు గండి పడింటే ఎతికినట్టే కదన్నా. పైతూము కాడ నీళ్ళుండాయి, మన శేను కాడ ల్యావు. నడిమికి పోయి సూస్తే సరి. ఆడ నీళ్ళుంటే గండి కింద, ల్యాకుంటే పైన."

ఇంతకంటే బాగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదని నా అభిప్రాయం. ఐదు వందలంటే తొమ్మిది సగాలు. ఒక పెద్ద విడుదలకూ ఇంకో పెద్ద విడుదలకూ మధ్యనైతే పన్నెండు, పదిహేను వేల మార్పులుంటాయి. వాటికైనా పద్నాలుగు సగాలు చాలు. లెక్క వింటే తేలికగానే ఉంటుంది. ప్రతి సగానికీ ఒక కర్నెలు కూర్చాలి. అన్ని డ్రైవర్లతోనూ కూర్చితే గంటలు పడుతుంది. ఆ యంత్రానికి కావలసినవే ఏరుకొని కూర్చేందుకు లోకల్‌మాడ్‌కాన్‌ఫిగ్ అనే దారి ఉంది కాబట్టి బతికిపోయాం. నేను సాయంత్రం ఇంటికి వచ్చి నంద్యాలలో కూర్చేవాణ్ణి. వాడు రాత్రి షట్టరు దించాక ఆళ్లగడ్డలో వేసి చూసేవాడు. పగలు గిరాకీ. యంత్రాన్ని ముట్టుకొనే వీలు లేదు.

మూడో కర్నెలు దగ్గర కథ అడ్డం తిరిగింది. రాత్రి వైఫై రాలేదన్నాడు. పొద్దున అదే కర్నెలుతో వచ్చిందన్నాడు. ఒకసారి వచ్చి ఒకసారి రానిదాన్ని బాగు అనాలా, బాగులేదు అనాలా? ఒక్కచోట తప్పు జవాబిస్తే బైసెక్ట్ మనల్ని నేరుగా తీసుకెళ్ళి ఏ పాపం ఎరుగని మార్పు ముందు నిలబెడుతుంది. నేను తల పట్టుకొని కూర్చున్నాను. వాడు మాత్రం దుకాణంలోని వృథా కాగితం వెనుక గళ్ళు గీశాడు. కర్నెలు సంఖ్య, వేళ, రీస్టార్టు చేసిందా పూర్తిగా ఆపి వేసిందా, వైఫై వచ్చిందా లేదా. అలా పన్నెండు సార్లు. ఫోనులో ఫొటో తీసి పంపాడు. చూడగానే విషయం అర్థమైంది. పూర్తిగా ఆపి, కాసేపాగి వేసిన ప్రతిసారీ వైఫై వచ్చింది. రీస్టార్టు చేసిన ప్రతిసారీ రాలేదు. పాత కర్నెలుకు ఎట్లా వేసినా వస్తుంది.

రిపేరు ఆయన కార్డు పోయిందనడానికీ, వాడి ఫోనులో నాకు వినిపించిన నవ్వుకూ మధ్య జరిగినది ఇదీ అని అప్పుడు తెలిసింది. కార్డు చావలేదు, నిద్రపోతున్నది. రీస్టార్టులో దానికి విద్యుత్తు పూర్తిగా ఆగదు. నిద్రపుచ్చిన కర్నెలు వెళ్ళిపోతుంది, కొత్తగా లేచిన కర్నెలు పిలిస్తే అది మేలుకోదు. ఆపైన ప్రతి కర్నెలునూ మూడేసి సార్లు రీస్టార్టుతోనే పరీక్షించాం. నాలుగు రాత్రుల్లో తొమ్మిది సగాలూ పూర్తయ్యాయి. తేలిన మార్పు నాలుగైదు వరుసలది. బ్యాటరీ మిగల్చడానికి, పని లేనప్పుడు పరికరాలను ఇంకొంచెం గాఢనిద్రలోకి పంపే ఏర్పాటు. సదుద్దేశమే. కొత్త లాప్‌టాపులకు దానివల్ల నిజంగానే మేలు జరిగి ఉంటుంది.

ఆ ఒక్క మార్పును తీసివేసి తాజా కర్నెలు కూర్చి చూశాం. రీస్టార్టు చేసినా వైఫై వస్తున్నది. అప్పుడు వేగు రాశాం. నేనే రాసినా మాటలు చాలావరకు వాడివే. ఈ కర్నెలు దాకా పనిచేసింది, ఈ కర్నెలు నుండి పనిచేయలేదు, రీస్టార్టులో మాత్రమే, పన్నెండింట ఇన్నిసార్లు, బైసెక్ట్ ఫలానా మార్పును చూపింది, దాన్ని తీసేస్తే సమస్య లేదు. రెండు చిట్టాలూ జతచేశాం. డ్రైవరు బాగోలేదని కానీ, ఆ మార్పు చేసినవారు చూసుకోలేదని కానీ ఒక్క ముక్క లేదు. కర్నెలుతో పాటే వచ్చే సంరక్షకుల పట్టికలో ఆ భాగం ఎవరి బాధ్యతో వెతికి వారికీ, తిరోగమనాలను గమనించేవారికీ పంపాం.

మూడో రోజున జవాబు వచ్చింది. మార్పు చేసిన వ్యక్తే రాశారు. తన దగ్గర ఆ కార్డు లేదన్నారు. రీస్టార్టుకూ, పూర్తిగా ఆపి వేయడానికీ తేడా చెప్పడం వల్ల వెతుకులాట తగ్గిందన్నారు. ఆ కార్డుకు మాత్రం గాఢనిద్ర వద్దని చెప్పే చిన్న అతుకు జతచేసి, పరీక్షించి చెప్పగలరా అని అడిగారు. మా తమ్ముడు ఆ రాత్రి పదిసార్లు రీస్టార్టు చేశాడు. పదిసార్లూ వచ్చింది. కాగితం ఫొటో మళ్ళీ వచ్చింది నాకు.

సమస్యను నివేదించినవారి పేరూ, పరీక్షించినవారి పేరూ ఆ దిద్దుబాటు కింద రాయడం కర్నెలు సంప్రదాయం. మీ పేరు ఎలా రాయమంటారని అడిగారు. నేను వాడి పేరే ఇవ్వమన్నాను. రాత్రులు మేలుకొని గళ్ళు నింపినవాడు వాడు. వాడికి మాత్రం ఎక్కడలేని చింత పట్టుకుంది.

"ఇంటిపేరు ముందు రాయాల్నా, ఎనక రాయాల్నా అన్నా? మార్కుల లిస్టులో ముందుంది. ఆధార్లో ఎనక పడింది."

అరగంట చర్చించి, పది మార్కుల లిస్టులో ఉన్నట్టే రాయమన్నాం. దిద్దుబాటు మూలకర్నెలులో చేరి, స్థిరశాఖకు దిగి, పంపిణీదారు నవీకరణగా ఆళ్లగడ్డకు చేరేసరికి నెల దాటింది. కాలువ నీరు కూడా అంతే కదా, వదిలిన రోజే చివరి పొలానికి రాదు. నవీకరణ వేయమన్నప్పుడు వాడు కాస్త జంకాడు. పాత కర్నెలు ఉందని మెనూలో రెండుసార్లు చూసుకొని, అప్పుడు సరే నొక్కాడు. ఆ మెనూ కనబడకుండా చేస్తే యంత్రం త్వరగా తెరుచుకుంటుందని చెప్పి చూశాను. ఉండనీలే అన్నాడు.

మొన్న ఫోను చేశాడు. చాగలమర్రిలో ఇంకొకాయన దుకాణంలోనూ ఇలాగే లినక్సు యంత్రం ఉందట. నవీకరణ తర్వాత ప్రింటరు పలకడం లేదట.

"ఎప్పట్నుంచి అని అడిగినావా?" అన్నాను.

"అడిగినా. రీస్టార్టు చేసినాకనా, ఆపి ఏసినాకనా అని కూడా అడిగినా. ఆయప్పకు గ్యాపకం ల్యాదంట. కాగితం మీద రాసి పెట్టమన్నా. ఆదివారం వస్తావా?"

వెళ్ళాలి. ఆళ్లగడ్డలో దిగి వాణ్ణి ఎక్కించుకొని చాగలమర్రి బస్సు పట్టుకోవాలి.